వడ్డీ లేని బండి

జూలై 11, శుక్రవారం

ఈ డైరీని జనవరిలో ఒక ఇన్సూరెన్సు ఏజెంటు షాపులో వదిలిపోయాడు. ఆరు నెలలుగా పుట్టీ డబ్బాల కింద పడి ఉంది. కంపెనీ బొమ్మ ఉన్న మొదటి పేజీ చింపేసి ఇవాళ రాయడం మొదలుపెట్టాను. అల్లా నా నోట పలికించిన మాటలు మర్చిపోకూడదని.

జుమా నమాజు అయ్యాక వడ్డీ మీద మాట్లాడాను. ఇరవై రెండేళ్లుగా మాట్లాడుతున్నాను గానీ ఇంత వేడిగా ఎప్పుడూ రాలేదు. "బ్యాంకులో మీ డబ్బు పడుకుని నిద్రపోతోందనుకుంటున్నారా? మీరు నిద్రపోయాక అది లేచి, పక్కింటి పేదవాడి కంచంలో చెయ్యి పెడుతోంది!" అన్నాను. వెనక వరసలో ఎవరో ఏడ్చారు.

నేను మదరసాలో చదివినవాణ్ణి కాను. మునిసిపల్ స్కూల్లో ఏడో తరగతి, ఆ తర్వాత కార్ల డెంటింగు. గ్రంథాన్ని తెలుగులో, ఒక కోటింగు ఆరేలోపు ఒక పేజీ చొప్పున, నాకు నేనే చదువుకున్నాను. అందుకే నా మాట సూటిగా పోతుంది. సొట్ట ఎక్కడుందో నాకు తెలుసు. అక్కడే కొడతాను.

అందరూ లేస్తుంటే ముజీబ్ హాజీసాబ్ మాత్రం కూర్చునే ఉన్నాడు. ఆయన మస్జిద్ కమిటీ పెద్ద. పూర్ణా మార్కెట్‌లో ఖర్జూరాల హోల్‌సేలు.

"పది లక్షలు ఎఫ్‌డీలో ఉన్నాయి రజాక్. నీ మాట ఇన్నాక అవి నిప్పులైపోనాయి. తీసీస్తాను. తీసి ఎక్కడెట్టమంటావు? మంచం కిందా? మా ఇంట్లో ఎలకలు నీ బయాన్‌కి రావు మరి."

అందరూ నవ్వారు. 

జూలై 12

హాజీసాబ్ ప్రశ్నకి జవాబు అనీస్ దగ్గర ఉంది. మా అక్క కొడుకు. పాత కార్లు కొని అమ్ముతుంటాడు. ఫోను తెచ్చి నా ముక్కు కింద పెట్టాడు.

"ఇది సూడు మామూ. పాత స్పోర్ట్సు కారు. ఇరవై ఏళ్ల కిందట మూడు లక్షలు. ఇప్పుడు అరవై. ఇల్లు కడితే పెచ్చులూడతాది. ఇదైతే ఎంత ముసిలిదైతే అంత రేటు."

"మనుషులకి లేని అదృష్టం."

"ఇందులో వడ్డీ ఉన్నాదేటి? వస్తువు కొంటన్నాం, వస్తువు అమ్మతన్నాం. అంతే గదా."

వర్తకానికీ వడ్డీకీ మధ్య గోడ కట్టింది గ్రంథమే. ఆ పేజీ తీసి చదివాను. మళ్ళీ చదివాను. కార్ల గురించి నాకు తెలియనిది లేదు, ధర్మం గురించి చెప్పేది నేనే. ఈ రెండూ ఒకే మనిషిలో అల్లా ఎందుకు పెట్టాడో ఇవాళ అర్థమైంది.

జూలై 15

హాజీసాబ్, అనీస్, నేను బండి చూడ్డానికి పోయాం. పెద వాల్తేరులో పాత బంగళా. అమ్మేవాడి పేరు సాయిశంకర్. తాతగారు ఓడల ఏజెంటట. షెడ్డులో టార్పాలిన్ లాగితే బండి. 1962 ఎం.జి. ఇంగ్లండు సరుకు, ఎర్రది, రెండే సీట్లు, కప్పు వెనక్కి మడిచేది.

హాజీసాబ్ మొహం చిన్నబోయింది. "ఎం.జి. అంటే మా అల్లుడు మొన్న కొన్నదే కదయ్యా. దానికి ఏసీ కూడా ఉన్నాది. దీనికి నెత్తే లేదు!"

నేను బానెట్ తెరిచాను. ఇంజను నంబరు, నంబరు పలక, కాగితాలు అన్నీ ఒకటే. లోపల కార్పెట్ ఎత్తబోతే సాయిశంకర్ చెయ్యి అడ్డం పెట్టాడు. "అది మా తాతగారి నాటిదండీ. ముట్టుకుంటే పొడైపోతుంది. దాని వల్లే రేటు." ఆగాను.

తర్వాత డోరు వెనక వంపు మీద అరచెయ్యి పెట్టాను. ఎలా చెప్పాలి? ఎరిగున్న మనిషి భుజం మీద పెట్టినట్టు ఉంది. చెయ్యి దానంతట అది జారుకుంటూ వెనక దీపం దాకా పోయింది, ఎక్కడా తడబడలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇది సంకేతం కాకపోతే మరేమిటి?

"ఇంకో మెకానిక్‌కి సూపిద్దామా మామూ?" అన్నాడు అనీస్.

"రజాక్ చూశాక ఇంకెవుడు సూడాలి?" అన్నాడు హాజీసాబ్.

జూలై 17

పైడితల్లి షాపుకి వచ్చింది. ఫిషింగ్ హార్బర్లో చేపలమ్ముతుంది. ముప్ఫై ఏళ్లుగా మా ఇంటికి చేప ఆమెదే. గుమ్మం ఎక్కడానికి రెండు చేతులతో తలుపు పట్టుకుంది. ఎలా తెలిసిందో, కారు సంగతి తెలిసింది.

"రెండు లచ్చలున్నాయి సాయిబన్నా. మోకాళ్లు రెండూ అరిగిపోనాయట. ఆపరేసను సెయ్యాలన్నారు. సర్కారు కార్డు మీద అవదట. రెండు కాళ్లకీ నాలుగవుతాది. నీ కారులో ఎయ్యి. నాలుగైనప్పుడు ఇచ్చియ్యి."

చీటీ కట్టొచ్చు కదా అని అనీస్ అన్నాడు.

"సీటీ కట్టించుకున్నోడు పారిపోతాడు. ఈ సాయిబు ఎక్కడికి పారిపోతాడు? శుక్రారం వొచ్చిందంటే మైకు కాడే ఉంటాడు కదా."

వడ్డీ పాపం గురించి ఆమెకు అరగంట చెప్పాను. నిలబడే వింది. మంచి మనిషి.

జూలై 21

కొన్నాం. ఇరవై లక్షలు. హాజీసాబ్ పది, నేను ఐదు, అనీస్ మూడు, పైడితల్లి రెండు. నా ఐదు హజ్‌కి దాచినవి. రెండేళ్లలో నేనూ మా ఆవిడ షబానా ఇద్దరం పోవచ్చు.

బండి మా షాపులోనే పెట్టాం.

ఆగస్టు 8, శుక్రవారం

ధాన్యం కుప్ప సంగతి చెప్పాను. పైన పొడి గింజలు, ప్రవక్త చెయ్యి లోపలికి పెడితే తడి. ఆ తడి పైన కనపడేలా ఎందుకు పెట్టలేదని ఆయన అడిగిన మాట. "మీ దుకాణాల్లో చెయ్యి పెడితే ఎంతమంది దగ్గర తడి తగులుతుంది?" అని అరిచాను. హాజీసాబ్ కూడా తల దించుకున్నాడు. ఖర్జూరాల సంగతి ఆయనకే తెలియాలి.

ఆగస్టు 16

బేరం వచ్చింది! మోహనకృష్ణ అని, గాజువాకలో ఉంటాడు. స్టీల్ ప్లాంటు కట్టే రోజుల్లో కృష్ణా జిల్లా నుంచి వచ్చి కాంట్రాక్టులు చేసి బాగుపడ్డాడు. పాత కార్లు ఏడు ఉన్నాయట. ఫోటోలు చూసి నలభై ఐదు దాకా వస్తానన్నాడు. నెల కూడా కాలేదు! వచ్చే ఆదివారం చూడ్డానికి వస్తాడు.

పైడితల్లికి కబురు చేశాను.

ఆగస్టు 20

మూడు రోజులుగా ముసురు. బండిలో నుంచి చెమ్మ వాసన. ఆదివారం పార్టీ వస్తున్నాడు కదా, ఎండబెడదామని ఎడమ సీటు విప్పి కార్పెట్ ఎత్తాను. పొడైపోలేదు. బాగానే వచ్చింది.

కింద రేకు మీద 786.

అబద్ధం.

ఆగస్టు 20, అసర్ నమాజు తర్వాత

మళ్ళీ చూశాను. ఉంది.

ఏడు అచ్చు కాదు. ఒకటి కొట్టి, పైన ఉలితో అడ్డగీత గీసింది. గీత ఎడమ కొస కొంచెం కిందికి దిగింది.

నాకు పని నేర్పిన మా ఉస్తాద్ దగ్గర, రేకు మీద అంకెలు కొట్టే పంచ్‌ల పెట్టెలో ఏడు పోయింది. నేనే పోగొట్టాను. అందుకని ఏ బండి పని పట్టినా మొదటి రోజు కనపడని చోట బిస్మిల్లాకి బదులు 786 కొట్టే పని నాకే వేశాడు. ఒకటి కొట్టేవాణ్ణి, ఉలితో గీసేవాణ్ణి. గీత ఎప్పుడూ కిందికే దిగేది. "ఏడుకి పక్షవాతమొచ్చిందిరా," అనేవాడు ఉస్తాద్.

అంకెల్లో ఏ మహిమా లేదు, అల్లా పేరుకు అవి బదులు కావు అని పదేళ్ల కింద వన్ టౌన్ ఆటోల మీద నుంచి ఆ నంబరు గీకించింది కూడా నేనే.

ఆగస్టు 21

ఎవరైనా కొట్టి ఉండొచ్చు. ఏడు పంచ్ ఒక్క మా దగ్గరే పోవాలని ఏముంది.

ఆగస్టు 21

రాత్రి మళ్ళీ వచ్చి వెనక డిక్కీ లైనింగు ఊడదీశాను. లోపలి రేకు మీద పోర్టు డ్రమ్ముల తెల్ల అక్షరాలు, సగం సగం. ఇంగ్లండులో విశాఖపట్నం పోర్టు డ్రమ్ములు ఎందుకుంటాయి?

రాస్తాను. రాయకపోతే పిచ్చెక్కుతుంది.

1989. దొండపర్తిలో ఉస్తాద్ షెడ్డు. ఎవరో పెద్దమనిషి లారీలో సామాను దింపాడు. ఇంజను, స్టీరింగు, నంబరు పలక, బండి ముక్కు. మిగతాదంతా ఏదో అగ్గిలో పోయిందన్నారు. ఉస్తాద్ ఒక ఫోటో గోడకి అంటించి, "ఇలా ఉండాలి" అన్నాడు. కింద చట్రం పట్టీలకి ఇంకేదో పాత బండి కోశాం. పై రేకంతా పోర్టు నుంచి తెచ్చిన డ్రమ్ములు చీల్చి, సాపు చేసి, కొట్టి తీశాం. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. డోర్లు, వెనక వంపులు నావే. తర్వాత నాకు పచ్చకామెర్లు. నేను లేచి వచ్చేసరికి రంగు వేసి పంపించేశారు. చక్రాల మీద నేను దాన్ని చూడనేలేదు. ముప్ఫై ఆరేళ్లలో మర్చేపోయాను.

ఆ పెద్దమనిషి సాయిశంకర్ తాతే అయ్యుంటాడు. మోసం చెయ్యలేదు. తన షోకు కోసం చేయించుకున్నాడు. చచ్చిపోయాడు. సాయిశంకర్‌కి తెలిసి ఉండదు. తెలుసా? కార్పెట్ ముట్టుకోవద్దన్నాడే. తెలియదులే.

ఆ వంపు మీద చెయ్యి పెడితే ఎరిగున్న మనిషి భుజంలా తెలిసిందని రాసుకున్నాను. తెలియక చస్తుందా. నలభై రోజులు దాన్ని కొట్టింది నేను. అల్లా సంకేతమన్నాను. నా చెయ్యి నన్ను గుర్తుపట్టింది. నేనే దాన్ని గుర్తుపట్టలేదు.

ఇరవై లక్షల డ్రమ్ము రేకు.

ఆగస్టు 22, శుక్రవారం

తూనికల మీద మాట్లాడతానని పోయిన వారమే చెప్పాను. మైకు ముందు నిలబడ్డాను. పళ్ళు తోముకోవడం మీద మాట్లాడాను.

"ఇవాళ చాలా ఉపయోగంగా ఉంది," అన్నాడు పళ్ళ డాక్టరు దగ్గర కాంపౌండరు చేసేవాడు ఒకడు.

ఆగస్టు 24, ఆదివారం

మోహనకృష్ణ వచ్చాడు. తెల్ల చొక్కా, నెమ్మదైన మనిషి. బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. మోకాళ్ల మీద కూర్చుని కిందికి చూశాడు. లైటు వేసి చూశాడు. ఏమీ అనలేదు. నేనూ అనలేదు. కార్పెట్ మళ్ళీ అతికించేశాను. ఎండిన చోట కొత్త గమ్ము వాసన వస్తోంది.

"నలభై ఐదుకి నాకు ఓకే అండీ," అన్నాడు. "వారం రోజుల్లో మాట్లాడుకుందాం."

అనీస్ నన్ను వాటేసుకున్నాడు. నేను ఒక్క అబద్ధం ఆడలేదు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. అడగనిది చెప్పాలని ఎక్కడుంది?

ఎక్కడుందో నాకు తెలుసు. ఆ పేజీ తియ్యలేదు.

ఆగస్టు 26

షబానాకి చెప్పాను. రొట్టె కాలుస్తూ వింది.

"అంతా నువ్వే కొట్టినావా? ఆ డోర్లవీ?"

"అవును."

"బాగుంది కదా మరి. అప్పుడు కూలి ఎంతిచ్చినాడు?"

"రోజుకి పద్దెనిమిది."

"తక్కువిచ్చినాడు," అంది. రొట్టె తిప్పింది.

 రొట్టె దింపి మళ్ళీ ఆవిడే అంది. "నువ్వు ఎదరోళ్లకి సెప్పినప్పుడు నాను పరదా ఎనకాల కూకుని ఏడిసీదాన్ని. ఇప్పుడు నాను నీకు సెప్పాలేటి?"

ఆగస్టు 28

ముగ్గురినీ షాపుకి పిలిచాను. షట్టరు సగం దింపాను. కార్పెట్ ఎత్తి చూపించాను. డ్రమ్ము అక్షరాలు చూపించాను. ఉమ్ముతారనుకున్నాను. కొడతారనుకున్నాను. కొడితే పడదామని టోపీ కూడా తీసి పక్కన పెట్టాను.

 అనీసే ముందు నోరు తెరిచాడు. "దీనికోసమా మామూ షట్టరు దింపినావు? నాను ఇంజను పోయిందేమో అనుకున్నాను!"

"ఇది మోసంరా."

"ఏటి మోసం? ఇంజను ఒరిజినలు. కాగితం ఒరిజినలు. మనిషికి పళ్ళు కట్టించుకుంటే మనిషి మారిపోతాడేటి?"

హాజీసాబ్ వైపు చూశాను. ఇరవై రెండేళ్లు మొదటి వరసలో కూర్చుని నా మాట విన్నవాడు. ఆయన గడ్డం దువ్వుకున్నాడు. "షుఐబ్ ప్రవక్త కాలంలో తూకం తప్పిన ఊరు ఊరే పోయిందని నువ్వే కదా చెప్పావు."

"అవును హాజీసాబ్!"

"ఊరు పోతే పోయింది, ఇందులో మా పది లక్షలున్నాయి కదయ్యా."

నవ్వాడు. నవ్వుతున్నాడో లేదో తెలియని నవ్వు. తర్వాత మెల్లగా అన్నాడు. "కొనేవోడికి చెప్పీ. లోపం చెప్పి అమ్మితే హలాలే. అది కూడా నీ మాటే."

 పైడితల్లి రంగు డబ్బా మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. ఆమె వైపు తిరిగి, "చూశావా తల్లీ, నీతో అబద్ధం ఆడకూడదని పిలిచాను" అన్నాను.

"నాను సేపలమ్ముతాను సాయిబన్నా. నిన్నటి సేపని ఐసులో ఎట్టి, మీద నీల్లు కొట్టి, ఇయ్యాల్దని అమ్మతన్నాను. నీకూ అమ్మినాను. తిన్నావు. బాగుందన్నావు." లేవడానికి చెయ్యి చాపింది. అనీస్ లేపాడు. "ఆపరేసనుకి డేటిచ్చినారు. వొచ్చే నెల ఇరవై. ఆ బాబు ఇచ్చిందేదో బేగి తీసుకో."

ముప్ఫై ఏళ్ల చేప.

ఆగస్టు 30

గాజువాక పోయి మోహనకృష్ణకి చెప్పేశాను. బస్సులో పొడుగునా గ్రంథం ఒళ్ళో పెట్టుకుని, తెరవకుండా పోయాను. ఆయన షెడ్డులో ఏడు కార్లు, పెళ్ళివాళ్ళలా. అన్నీ చెప్పాను. ఉస్తాద్, డ్రమ్ములు, పక్షవాతం వచ్చిన ఏడు.

ఆయన కాఫీ తాగుతూ విన్నాడు.

"నాకు ఆదివారమే తెలుసండీ. కిందికి వంగి చూసినప్పుడే. పట్టీలు వేరే బండివి."

"తెలిసీ నలభై ఐదా?"

"నాకు కాదు కదా. బొంబాయిలో పార్టీ ఉన్నాడు. ఎనభై పెడతాడు. అతను కొని తలుపేసి పెట్టుకుంటాడు, నడపడు కూడా. ఐదేళ్లకి ఇంకొకళ్ళకి అమ్ముతాడు. ఎవరికీ నష్టం లేదు. షేరు మార్కెట్ లాంటిదే రజాక్ గారూ, చేతులు మారడమే. మీరు నాకు చెప్పారు, నేను విన్నాను. మీ పాపం మీకు పోయింది."

నాకు నిజంగానే భారం దిగినట్టయింది. ఒక్క నిమిషం. అప్పుడు ఆయన కప్పు కింద పెట్టాడు.

"ఒక్క చిన్న పని. ఆ నంబరు ఉన్న ముక్క కోసేసి వేరే రేకు వెయ్యండి. ఆ డ్రమ్ము రాతలూ గీకెయ్యండి. బయటివాడు చేస్తే తెలిసిపోతుంది. మీ చేతి పని కాబట్టి మీరే చేస్తే దేవుడికి కూడా తెలియదు."

దేవుడికి కూడా తెలియదు, అన్నాడు. నా ఎదురుగా. నేను లేచి నిలబడ్డాను. ఏదో అరవాలి. నోట్లోకి వచ్చింది మాత్రం ఇది: "శుక్రవారం దాకా టైమివ్వండి."

ఆగస్టు 31

హాజీసాబ్‌కి ఫోన్లో చెబితే అల్హమ్దులిల్లా అన్నాడు. ముక్క కొయ్యడం గురించి, "అది పని. కూలి తీసుకో," అన్నాడు.

సెప్టెంబరు 2

ఇంగ్లండువాడు కొట్టాడనుకుంటే ఎనభై లక్షలు. నేను కొట్టానంటే ఐదో ఆరో. రేకు అదే. వంపు అదే. ఈ వంపులో తప్పు చూపించమను, ఎవడినైనా.

ఇలా ఎందుకు రాస్తున్నాను? బాధ మోసం గురించే అయితే ఈ లెక్క ఎందుకు?

సెప్టెంబరు 3

పైడితల్లి కూతురు భ్రమరాంబ వచ్చి ఆస్పత్రి కాగితం చూపించి పోయింది. రెండు మోకాళ్లు అని రాసి ఉంది. ఇరవైకి చేర్పించాలి.

కోస్తాను. ఆమె కోసం కోస్తాను. రేపు పొద్దున్నే.

సెప్టెంబరు 4, గురువారం

పదకొండు గంటలకి గ్రైండరు ఆన్ చేశాను. సీటు విప్పాను. కార్పెట్ మడిచాను. చక్రం తిరుగుతోంది. బొంబాయివాడు కనపడ్డాడు, నేనెప్పుడూ చూడనివాడు. అతని తర్వాతివాడు. ఆ తర్వాతివాడు. ఒక్కొక్కడూ కుప్ప మీద పొడి గింజలు చూసి డబ్బులిచ్చి పోతున్నాడు. లోపల తడి పోసే చెయ్యి ఒక్కటే, నాది.

గ్రైండరు ఆపాను.

ఆపితే చాలదు. రేపు మళ్ళీ ఆన్ చేస్తానని నాకు తెలుసు. నా సంగతి నాకు ఈ రెండు వారాల్లో తెలిసినంత యాభై ఎనిమిదేళ్లలో తెలియలేదు. అందుకని అక్షరాల పంచ్‌ల పెట్టె తీశాను. డ్రైవరు డోరు తెరిచాను. డోరు తెరవగానే ఎవడికైనా కళ్ళకి తగిలే చోటు, తాళం పడే స్తంభం మీద, ఇంగ్లీషు అక్షరాల్లో నా పేరు, వైజాగ్, 1989. కొట్టాను. ఎర్ర రంగు పెచ్చులుగా లేచింది. లోతుగా కొట్టాను, పుట్టీకి అందనంత. తర్వాత ఫోటో తీసి మోహనకృష్ణకి పంపాను. పాత కార్ల వాళ్ళ గ్రూపుల్లో పెట్టమని అనీస్‌కి కూడా పంపాను. వాడు పెట్టడని తెలిసి, నాకు చేతనైనంత వరకు నేనే పెట్టాను.

మోహనకృష్ణ దగ్గర నుంచి ఒక్కటే మెసేజి. "మంచి బండిని చంపేశారు."

నా వాటా ఐదే. మిగతా పదిహేను లక్షల మీద అడక్కుండా సుత్తి ఎత్తాను. బొంబాయివాణ్ణి మోసం చెయ్యనని, నన్ను నమ్మినవాళ్ళని ముంచాను. దీనికి పేజీ ఎక్కడుంది? పొద్దుట నుంచి తిరగేస్తున్నాను.

అల్లా భయంతో చేశానా? పేరు కొట్టాను కదా. అల్లా పేరు కాదు, నాది.

సెప్టెంబరు 5, శుక్రవారం

అనీస్ షాపుకి వచ్చి బండి చూసి నేల మీద కూలబడ్డాడు. "పిచ్చెక్కిందేటి మామూ? మొత్తం నాశనం సేసీసినావు కదా. నా పెళ్ళాం మెడలోవి తాకట్టెట్టినాను మామూ!" అది నాకు చెప్పలేదు. నేను అడగలేదు.

మస్జిద్‌లో మైకు నాకివ్వలేదు. హాజీసాబ్ ఇంకొకరిని పిలిచాడు. నమాజులో ఆయన నా పక్కకి రాలేదు.

సెప్టెంబరు 13

భీమిలి రోడ్డులో రిసార్టు వాళ్ళు ఆరు లక్షలకి తీసుకున్నారు. ఫోటోలకి పెడతారట. చేత్తో చేసిన బండి అని బోర్డు రాయిస్తామన్నారు. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు రాయించి, ఇద్దరు సాక్షుల చేత సంతకం పెట్టించాను.

పైడితల్లికి రెండు. అనీస్‌కి ఒకటిన్నర, నగలు విడిపించుకోమని. మిగతా హాజీసాబ్‌కి. ఆయన బాకీకి షాపు రాసిస్తానన్నాను. ఆయన వద్దనలేదు. వచ్చే నెల నుంచి ఆటోనగర్‌లో వేరేవాళ్ళ దగ్గర కూలికి పోతాను. షబానా హజ్ గురించి ఒక్కమాట అనలేదు. అంటే బాగుండేది.

సెప్టెంబరు 19, శుక్రవారం

డబ్బు ఇచ్చిన రోజు పైడితల్లి నాతో మాట్లాడలేదు. ఇవాళ నేనే హార్బర్‌కి పోయాను. పొద్దున ఆరింటికి, వేలం నడుస్తోంది. గంపలు, ఐసు, కేకలు. ఆమె కుర్చీలో కూర్చుని అమ్ముతోంది. అందరూ కింద గొంతుక్కూర్చుంటే ఆమె ఒక్కతే ప్లాస్టిక్ కుర్చీలో. నన్ను చూసి పక్కావిడతో, "ఇదిగో, డోరు మీద పేరు సెక్కుకున్న సాయిబు" అంది. వాళ్ళు నవ్వారు.

రేపే కదా ఆస్పత్రి అన్నాను.

"రేపే. డాక్టరు బాబు అడిగినాడు. రెండు లచ్చలకి ఒక్క కాలే అవుతాదమ్మా, ఏ కాలు సెయ్యమంటావూ అని." చేతిలో కత్తి పక్కన పెట్టింది. "నాకు తెల్దు బాబూ, మా సాయిబన్న పెద్ద సదువు సదివినాడు, అడిగొస్తానన్నాను. నువ్వే సెప్పు. మీ దేవుణ్ణి అడిగి సెప్పు. కుడిదా, ఎడందా?"

చుట్టూ అంతా చూస్తున్నారు. దేనికైనా నాకు వాక్యం ఉండేది. పెళ్ళికి, చావుకి, అప్పుకి, తుమ్ముకి.   ఆమె ఎదురుగా తడి నేల మీద గొంతుక్కూర్చున్నాను. అప్పుడు ఆమె మోకాళ్లు నా కళ్ళకి తిన్నగా ఉన్నాయి. రెండూ వాచి, చీర కింద కుండల్లా.

"ఏ కాలికి నొప్పి ఎక్కువ పైడితల్లీ?" అని అడిగాను.

 పక్కావిడ నవ్వడం ఆపింది.

"ఇన్నాళ్లకి అడిగినావు," అంది పైడితల్లి.

తర్వాత చెయ్యి తుడుచుకుని ఎడమ మోకాలి మీద పెట్టి, ఎక్కడ ఎలా పోటు వస్తుందో చెప్పడం మొదలుపెట్టింది. మెట్టు ఎక్కేటప్పుడు ఒకలా, దిగేటప్పుడు ఒకలా. తెల్లారి లేచేటప్పుడు ఇంకోలా. వేలం అయిపోయేదాకా చెప్పింది. విన్నాను.